ఉత్తరదేశపు రొట్టె - నూజివీటి మామిడి

పట్టణవాసుల సాయంకాల భోజనము ఇల్లు వెడలి బజారు చేరినది. విజయవాడలోనేమి, ఏలూరులోనేమి, హనుమాన్ జంక్షను వద్ద రాజమార్గము పొడవునేమి, ప్రొద్దు గ్రుంకినతోడనే తందూరు పొయ్యిలు రాజుకొనును. కుటుంబములకు కుటుంబములే బల్లలచుట్టు చేరి, రొట్టెయు పనీరుకూరయు తెప్పించుకొని భుజించుచున్నవి. ఒకప్పుడు ప్రధానముగా లారీ తోలువారి మజిలీయైన ధాబా నేడు గృహస్థుల వేడుకశాలయైనది. మామిడితోటల నడుమనున్న నూజివీడు సైతము ఈ మార్పునకు వెలిగా లేదు. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు ఇచ్చట ఒక విద్యాలయమున్నది. అందు చదువు పిన్నవారికి సెలవుదినమున దాల్ తడ్కాయు తందూరీ రొట్టెయు తమ తాతలకు పులిహోర యెంతటి వేడుకయో అంతటి వేడుక.

దీనిని గూర్చి మనలో రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. అన్నము తిను జాతి పరాయి తిండికి లోబడి తన రుచిని మరచుచున్నదని కొందరు వగచుచున్నారు. నాలుక కోరినది తినుటలో తప్పేమున్నది, ఇందు విచారింపదగిన విషయమే లేదని మరికొందరు త్రోసిపుచ్చుచున్నారు. మొదటివారు చరిత్రను చూచుటలేదు; రెండవవారు లెక్కను చూచుటలేదు. ఒక జాతి ఎచ్చట, ఎవరితో, ఏమి, ఎంత వెలకు తినుచున్నదను ప్రశ్న చిన్న ప్రశ్న కాదు. రైతు బ్రతుకును, గృహిణి విశ్రాంతియు, సాంఘిక సమత్వమును అందు ఇమిడియున్నవి.

ముందుగా చరిత్రను చూతము. రొట్టె మనకు పరాయిది కాదు. గోధుమయు పరాయిది కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున కాకతీయుల ఓరుగంటి పూటకూటియింటి భోజనము వర్ణింపబడినది. ఒక్క రూక చెల్లించినవానికి మేలైన బియ్యపు అన్నము, పెసరపప్పు, క్రొత్తగా కాచిన నేయి, అరటిపండ్లు, పెరుగు మున్నగువానితోబాటు గోధుమపిండివంటయు వడ్డింపబడెడిది. వెల యిచ్చి బయట భోజనము చేయుటయు, ఆ భోజనములో గోధుమ యుండుటయు తెలుగువారికి కొన్ని శతాబ్దులనాడే అలవాటని దీనివలన తేలుచున్నది. ఇక మెట్టసీమలలో చిరకాలము పేదవానిని పోషించినది జొన్న. 1855లో విజయవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై, కాలువల క్రింద వరి విస్తరించిన పిమ్మటనే తెల్లని అన్నము డెల్టాలో సర్వసామాన్యమైనది. కాలువ నీరెరుగని మెట్టలకు ఆ భాగ్యము ఇంకను ఆలస్యముగా కలిగినది. కాబట్టి అన్నమొక్కటే ఆంధ్రుల అనాది ఆహారమని చెప్పుట మన తాతల సంకటిని మరచుటయే యగును.

గోధుమ మరల మన యిండ్లకు వచ్చినది సంపదవలన గాదు, కరవువలన. 1956 మొదలు అమెరికాతో కుదిరిన ఒడంబడికల మేరకు ఓడలమీద గోధుమలు దిగుమతియైనవి. చవుకధరల దుకాణములద్వారా అవి అన్నము తిను ప్రాంతములకును చేరినవి. 1965లో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి వారమునకొక పూట భోజనము మానుడని జనులను కోరగా, దేశమున పెక్కు హోటళ్ళు సోమవారము రాత్రి తలుపులు మూసినవి. అటుపిమ్మట పంజాబు రైతు నూతన వంగడములతో గోధుమను విరివిగా పండించి దేశమునకు ఆ యాచన తప్పించెను. నేడు మనము బల్లవద్ద కూర్చుండి తేలికగా తుంచి తిను రొట్టె వెనుక ఇంత కథ యున్నది.

ఇక ఉత్తరదేశపు వంటలని మనము పిలుచు వాని చరిత్రయు వినదగినది. పంజాబు గ్రామములలో పదిమంది యిల్లాండ్రు తమ తమ పిండిని తెచ్చి ఒక్క ఉమ్మడి తందూరులో రొట్టెలు కాల్చుకొనుట పూర్వాచారము. 1947లో దేశము రెండుగా చీలి లక్షలకొలది జనులు కట్టుబట్టలతో సరిహద్దు దాటినపుడు, ఆ మట్టిపొయ్యి వారికి జీవనాధారమైనది. పెషావరు నుండి శరణార్థులై ఢిల్లీ చేరిన కుందన్‌లాల్ గుజ్రాల్, కుందన్‌లాల్ జగ్గీ మున్నగువారు దర్యాగంజులో మోతీమహల్ అను భోజనశాలను నెలకొల్పిరి. తందూరీ కోడి, వెన్నకోడి, దాల్ మఖనీ అనునవి అట్టి భోజనశాలలనుండియే దేశమంతట వ్యాపించినవి. వెన్నకోడిని మొదట వండినదెవరను వివాదము 2024లో ఢిల్లీ హైకోర్టువరకు పోయినదనిన, ఆ వంటకమెంత ఇటీవలిదో గ్రహింపవచ్చును. ఇవి అనాదికాలపు రాజాంతఃపుర భోజనములని భ్రమపడువారు, ఇల్లు గోలుపోయినవారు బిచ్చమెత్తక తమ కష్టముతో నిలబెట్టుకొన్న పరిశ్రమ ఇదియని తెలిసికొందురు గాక. ఆ విధముగా చూచినచో, రొట్టెను అవమానించుట స్వావలంబనమును అవమానించుటయే.

తరువాత లారీలు వచ్చినవి. మదరాసునుండి కలకత్తాకు పోవు రాజమార్గము విజయవాడమీదుగా, హనుమాన్ జంక్షనుమీదుగా పోవుచున్నది. దూరదేశమునుండి బండి తోలుకొనివచ్చిన సర్దారు అర్ధరాత్రి నులకమంచముమీద కూర్చుండి తినుటకు రెండు రొట్టెలు, పప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కోరెను. అతనికొరకు వెలసిన పాకయే ధాబా. ఆ దారిని పోవు మనవారు మొదట వింతగా చూచిరి. పిమ్మట రుచి చూచిరి. ఇప్పుడు బిడ్డల పుట్టినరోజును అచ్చటనే జరుపుచున్నారు.

ఆ పళ్ళెరమునే ఒకసారి పరీక్షింతము. కూరలోని ఎఱ్ఱదనము మిరపది. దేశమునకు మిరప నందించు మహావిపణి మన గుంటూరు. పులుపు టొమాటోది, మదనపల్లె మార్కెట్టు ఆ వర్తకమునకు పెట్టినది పేరు. తెల్లని చిక్కదనము జీడిపప్పుది. ఆ పరిశ్రమకు పలాస ప్రసిద్ధికెక్కినది. ఉల్లి కర్నూలునుండియైనను నాసిక్కునుండియైనను రావచ్చును. మిరపయు, టొమాటోయు, జీడియు మూడును పోర్చుగీసువారి కాలమున అమెరికాఖండమునుండి మనకు వచ్చినవే. కావున ఉత్తరదేశపు భోజనమను పేర మన బల్లమీదికి వచ్చుదానిలో రొట్టెయొక్కటి విడిచినచో తక్కినదంతయు చాలవరకు ఆంధ్రభూమినుండి వచ్చినదే కావచ్చును. వంటవాని సంగతి వేరు. బీహారు, ఒరిస్సా, వంగదేశము, నేపాళములనుండి వచ్చిన యువకులు మన హోటళ్ళలో పొయ్యివద్ద నిలిచియున్నారు. మనవారు గల్ఫుదేశములకును అమెరికాకును పోయి పాటుపడుచుండగా, వారు మన యొద్దకు వచ్చి పాటుపడుచున్నారు. మన బిడ్డలకు పరదేశమున ఎట్టి ఆదరము కోరుదుమో, అట్టి ఆదరము వారికి ఇచ్చట చూపుట మనకు ధర్మము.

ఈ క్రొత్త అలవాటులో నిజముగా హర్షింపదగిన అంశములు రెండున్నవి. మొదటిది సహపంక్తి. మదరాసు రాజధానిలోని హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరుగది, ఇతరులకు వేరుగది యుండిన దినములు మరచిపోదగినవి కావు. కొన్ని కులములవారికి గడప దాటుటకే అనుమతి లేకుండెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము దీనిని సాధారణ విషయమని విడిచిపెట్టలేదు. దుకాణములలోనికి, భోజనశాలలలోనికి, హోటళ్ళలోనికి ప్రవేశించుటకు మతము, కులము మున్నగు కారణములచేత ఎవరికిని అడ్డు చెప్పరాదని పదునైదవ అధికరణము పేరుపెట్టి శాసించినది. పదునేడవది అస్పృశ్యతనే నిషేధించినది. 1955లో దానికి శిక్షాచట్టము వచ్చినది. అయినను పల్లెల టీ దుకాణములను రెండు గ్లాసుల పద్ధతి చాలకాలము వదలలేదు. ధాబాలోనో, వంటవాని కులమెవరికిని తెలియదు. ప్రక్కబల్లవాని కులము నెవరును అడుగరు. అందరికి అదే గ్లాసు, అదే పళ్ళెరము. సంస్కర్తలు ఎన్నో సభలుపెట్టి, ఎన్నో సహపంక్తి భోజనములు జరిపి సాధింపజూచినదానిలో కొంత, ఒక రొట్టెల పొయ్యి సద్దుచేయకుండ సాధించినది. ఐతే కులము తీసిన గొళ్ళెమును ధనము మరల వేయకుండ చూచుకొనవలెను. రోజుకూలివాడు వెలుపల నిలిచి లోపలి దీపములను చూచు భోజనశాల సమత్వమునకు సగము దారియే. పేదవానికి 5 రూపాయలకు భోజనము పెట్టు అన్న క్యాంటీనులు 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024లో మరల తెరువబడినవి. ప్రభుత్వములు మారినపుడెల్ల పేదవాని విస్తరి ఎత్తివేయబడరాదు. అన్నదానముచే అపర అన్నపూర్ణయని పేరొందిన డొక్కా సీతమ్మ పుట్టిన దేశములో ఈ మాట చెప్పవలసివచ్చుటయే చింతాకరము.

రెండవది గృహిణికి కలుగు విశ్రాంతి. సంవత్సరమునకు మూడువందల అరువదియైదు దినములు రెండుపూటల పొయ్యివద్ద నిలుచు ఇల్లాలు వారమున కొకపూట ఇతరులు వండినది కూర్చుండి తినుటను విలాసమని నిందించువారు, ఆ పొయ్యివద్ద ఒక వారము తాము నిలిచి, పిమ్మట నిందింతురుగాక. ఇంటి భోజనము శ్రేష్ఠమనుమాట నిజమే. కాని ఆ శ్రేష్ఠత్వపు భారమంతయు ఒక్కరి భుజములమీదనే యుండుట న్యాయము కాదు.

గుణములు చెప్పితిమి గనుక దోషములును చెప్పవలెను. ఒక్క ఉల్లి టొమాటో ముద్దను ప్రొద్దుననే అండాలతో ఉడికించి పెట్టుకొని, సాయంత్రము దానికే పది పేర్లు పెట్టి పదివెలలకు విక్రయించుట ఈ వృత్తిలో బహుళముగా కనబడునది. అది నేరము కాదుగాని, పట్టికలోని పేర్లనుచూచి మోసపోవువాడు తన అమాయకత్వమునకు వెల చెల్లించుచున్నాడు. పనీరు విషయము ఇంతకంటె తీవ్రమైనది. పాలకు బదులు చవుక నూనెకొవ్వులతో చేసిన ముద్దను పనీరను పేర అమ్ముటను ఆహారభద్రతా నిబంధనలు ఒప్పుకొనవు. మరల మరల కాచిన నూనెలో విషపదార్థములు పెరుగుననియే, అందలి ధ్రువసమ్మేళనములు నూటికి 25 పాళ్ళు మించినచో ఆ నూనె వాడరాదని 2018 జూలై 1నుండి నిర్ణయించిరి. సేవారుసుము అను పేర పద్దులో తమంతట తామే సొమ్ము కలుపుట కూడదని కేంద్ర వినియోగదారుల రక్షణాధికార సంస్థ 2022 జూలైలో ఆదేశింపగా, హోటళ్ళవారు వ్యాజ్యమాడిరి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ యాదేశమునే నిలబెట్టినది. మెచ్చి ఇచ్చునది కానుక. అడుగక కలిపినది కప్పము. చట్టమెరిగినవాడు పద్దుచూచి, మర్యాదతో, ఇది తీసివేయుడని చెప్పవలెను. ఇక పదునాలుగేండ్లలోపు బిడ్డలను ధాబాలలో, హోటళ్ళలో పనికి పెట్టుకొనుట 2006 అక్టోబరు 10 నుండి నిషిద్ధము. బల్ల తుడుచు చేయి చిన్నదైనచో, ఆ బల్లమీది భోజనము మనకు రుచింపరాదు.

ఇపుడు అసలు విషయమునకు వత్తము. ఉత్తరదేశమునుండి రొట్టె మనకు వచ్చినది. మననుండి ఉత్తరదేశమునకు పోయినదేమి? మామిడి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెము ప్రాంతముల తోటలనుండి వేసవిలో పండ్లు బయలుదేరును. విజయవాడ చేరువనున్న నున్న గ్రామపు మార్కెట్టునుండియు, తోటల గట్లనుండియు బంగినపల్లి లారీలకెక్కి, పదునేడువందల కిలోమీటర్లకు పైబడిన దారిని ఢిల్లీ ఆజాద్‌పూరు విపణికి చేరును. అచ్చట దాని పేరు మారిపోవును. దానిని సఫేదా యందురు. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు లభించినను, ఢిల్లీ వీథిలో దానిని కోసుకొని తిను గృహస్థునకు అది ఏ ఊరి మట్టిలో, ఏ రైతు చెమటతో పండినదో తెలియదు. మనమో, వారి వంటకములను వారి పేర్లతోనే, పనీరును పనీరని, కుల్చాను కుల్చాయని, నోరారపిలిచి తినుచున్నాము. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలో పేరు నిలుపుకొన్నవారు వారు. పేరు పోగొట్టుకొన్నవారము మనము.

ఇంతకంటె వింత మన యింటనే యున్నది. ఏప్రిలు మొదలు జూను వరకు తోటలు పండ్లతో ఘుమఘుమలాడుచుండగా, ఆ తోటల అంచునే నిలిచిన భోజనశాలల పట్టికలలో మామిడిపండు అరుదు. కోరినచో సీసాలోని మామిడి పానీయమో, డబ్బాలోని గుజ్జు కలిపిన లస్సీయో వచ్చును. ఆ పానీయములకు ఎక్కువగా వాడునది తోతాపురి గుజ్జు. మన ప్రాంతమున దానినే కలెక్టరు మామిడి యందురు. ఆ తోతాపురికి 2025 వేసవిలో చిత్తూరు ప్రాంతమున ధర పడిపోగా రైతులు కాయలను దిబ్బలపాలు చేసిరి. రాష్ట్రప్రభుత్వము కిలోకు 4 రూపాయల సహాయము ప్రకటింపవలసివచ్చినది. పండించినవానికి కిలోకు దక్కని ధర, త్రాగువాడు చిన్నసీసాకు చెల్లించుచున్నాడు. ఈ యంతరము నడుమ ఎవరు నిలిచియున్నారో పాఠకులే యోచింతురు గాక.

దీనికి విరుగుడు దూరమున లేదు. గుజరాతీలును మహారాష్ట్రులును వేసవిలో పూరీతో మామిడిరసమును గిన్నెలతో వడ్డించుకొందురు. ఋతువు వచ్చినదన్న అచ్చటి భోజనశాలల పట్టికయే మారును. రసము పిండుకొనుటకు మన చిన్నరసము, పెద్దరసములను మించిన పండ్లేవి? అవి బంగినపల్లివలె దూరప్రయాణమున కోర్వవు. పలుచని తోలు, నిండు రసము వాని గుణములు. అనగా ప్రకృతియే వానిని పండినచోటనే తినుమని నియమించినది. తందూరీ రొట్టె ప్రక్కన ఒక గిన్నెడు నూజివీటి రసము, దాల్ తడ్కాకు తోడుగా మామిడికాయపప్పు, నిమ్మబద్దకు జతగా ఆవకాయ ముక్క, కడపట పెరుగన్నములోనికి ఒక పండు పెట్టినచో, ఉత్తరదక్షిణములు ఒక్క పళ్ళెరమున సంధిచేసికొనును. ఢిల్లీలో దొరకని ధాబా భోజనము నూజివీటిలో దొరకును.

ఇది రుచికొరకు చెప్పిన మాట మాత్రమే కాదు; లెక్క వేయవచ్చును. ఒక భోజనశాల దినమునకు 20 కిలోల రసములు కొన్నచో, 60 దినముల ఋతువులో 1,200 కిలోలగును. విజయవాడకును ఏలూరుకును నడుమ 100 భోజనశాలలు ఇట్లు చేసినచో 120 టన్నులు. మొత్తము పంటలో ఇది కొలదియే. కాని దళారి తక్కెడకు ఎక్కక, లారీ కిరాయి లేక, తోటనుండి తిన్నగా బల్లకు చేరు 120 టన్నులివి. రైతులు ఉత్పత్తిదారుల సంఘములుగా ఏర్పడి, హోటలు యజమానులతో ఋతువునకు ముందే ధర నిర్ణయించుకొనవలెను. కార్బైడుతో మ్రగ్గపెట్టుట నిషిద్ధమని ఇరువురును గుర్తించి, గడ్డిలోనో, నియమిత పరిమాణపు ఇథిలీను వాయువుతోనో పండించిన పండ్లనే తేవలెను. నూజివీటియందే మామిడి పరిశోధనాస్థానమున్నది. ఏ రకము ఏ వారమున వచ్చునో, ఎన్ని దినములు నిలుచునో హోటళ్ళవారికి తెలియజెప్పు పని అది చేపట్టవచ్చును. పట్టికమీద పండు పేరుతోబాటు ఊరిపేరు అచ్చువేయవలెను. సఫేదాయను పేర మాసిపోయిన కీర్తిని మన బల్లమీదనైనను మనము నిలుపుకొనవలదా?

పరదేశీయుల తిండిని ద్వేషించుట దేశభక్తి కాదు. తన పంటను మరచుట నాగరకతయు కాదు. శరణార్థియై వచ్చినవాని రొట్టె మన బల్లవద్ద గౌరవస్థానము పొందినది. అది మన మర్యాదకు తగినపని. ఆ బల్లవద్దనే మన రైతు పండునకు ఒక పీట వేయుడని హోటలు యజమానులను కోరుచున్నాము. భోక్తలకును ఒక్క మనవి. ఈ వేసవిని ధాబాకు పోయినపుడు, రొట్టె తెప్పించిన పిమ్మట, నూజివీటి రసము ఉన్నదాయని అడుగుడు. లేదనినను మరునాడు మరల అడుగుడు. పదిమంది అడిగినది పదకొండవ నాడు పట్టికకెక్కును. అంగడి వినునది కొనువాని మాటయే.